బెల్లం గచ్చు పూసిన కారు

ముందు టీ చెప్పండి, తర్వాత చెప్తాను. నా గ్లాసులో పంచదార తగ్గించమనండి. తీపి పేరు చెప్తేనే ఒళ్ళు మండిపోతంది నాకు. కిందటి నెల ఆ బుధవారం ఏటైందో మీకు ముక్కలు ముక్కలుగా తెలిసే ఉంటాది. కారు చెరువులో పడిపోయిందని బజార్లో ఒకడన్నాడట, నాయుడుగారికి పాము కరిచిందని ఇంకొకడన్నాడట. రెండూ అబద్ధం. జరిగింది ఆ రెంటికన్నా సిగ్గుచేటు. అందుకే నేనే చెప్పేస్తాను. ఎవడో చెప్తే వినడం కన్నా నా పరువు నేనే తీసుకోవడం నయం.

నేను పుట్టింది బండి తోలే ఇంట్లో. మా నాన్న నాయుడుగారి బియ్యం మిల్లుకి ధాన్యం బస్తాలు తోలేవాడు, ఆయన తర్వాత నేను తోలేను. మూడేళ్ళ కిందట వాల్తేరులో ఒక దొర ఊరొదిలి పోతుంటే నాయుడుగారు ఆయన నల్ల కారు కొన్నారు. కొన్నాక తోలేవాడు కావాలి కదా. ఎద్దులు తోలినోడు దీన్ని తోలలేడేటి అని నన్ను అనకాపల్లిలో ఒక లారీ డ్రైవరు దగ్గర నాలుగు నెలలు పెట్టేరు. నేర్చుకొచ్చేను. కాకీ కోటు కుట్టించేరు. ఆ కోటుతో ఇంటికెళ్తే మా అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి దిష్టి తీసింది. మా మావయ్య సన్యాసి, అంటే మా ఇంటిది పైడమ్మ నాన్న, తాపీ మేస్త్రి, పెళ్ళైన ఏడేళ్ళకి మొట్టమొదటిసారి నాకు కుర్చీ వేసేడు. అంతవరకూ ఆ ఇంట్లో నేను అరుగు మీదే కూర్చునేవాణ్ణి. ఇక పైడమ్మ సంగతి చెప్పక్కర్లేదు. నూతి దగ్గర ఎవరు అడిగినా అడక్కపోయినా, మా ఆయన డైవరు అని చెప్పి గాని బిందె ఎత్తేది కాదు. అదీ నా వైభవం. అదంతా ఆ కారు మీద ఆధారపడి ఉంది బాబూ, అందుకే చెప్తన్నాను.

ఇక ఈ ఏడు వానలు మీకు తెలిసినవే. ముసురు పట్టిందంటే వారం వదల్లేదు. కారు టాపుకీ ఎదర అద్దానికీ మధ్యన రబ్బరు ఉంటాది. అది దొరగారి కాలం నాటిది. ఎండకి పెళుసెక్కిపోయి ముక్కలు ముక్కలుగా ఊడిపోయింది. ఆ సందులోంచి నీళ్ళు చుక్క చుక్కగా లోపలికి దిగి, కాళ్ళ కింద పరిచిన పీచు పట్టాలోకి ఇంకిపోయేవి. పట్టా నానిపోయిందని నాకు తెలుసు. తెలిసే దాని మీద గోనెసంచి పరిచేను. తడి కనబడకపోతే లేనట్టే అనుకున్నాను. నా బుర్ర అలాంటిది.

ఇంక చూడండి. నలుగురు ఎక్కి, వాన కొడతందని అద్దాలు పైకెత్తగానే, ఎదర అద్దం లోపలి వైపు తెల్లగా మూసుకుపోయేది. బయట వైపరు పాపం దాని పని అది చేస్తనే ఉండేది. లోపల మాత్రం ఎవరో పాలు పూసినట్టుండేది. తుడిస్తే ఒక్క నిమిషం కనిపించేది, మళ్ళీ తెలుపు. ఒక చేతిలో స్టీరింగు, ఇంకో చేతిలో గుడ్డ. గేరు మార్చాలంటే మూడో చెయ్యి కావాలి. దేవుడు ఎవరికీ అన్ని చేతులు ఇవ్వలేదు కదా.

అలా తుడుచుకుంటూ వస్తన్నాను ఒకరోజు. బస్టాండు దగ్గర గుడ్డ తీసి చూద్దును కదా, ఎదర గాజులమ్మే ఆవిడ, నెత్తి మీద తట్టతో. బ్రేకు మీద నిలబడిపోయేను. కారు ఆగింది, ఆవిడ కూలబడింది, తట్ట ఆవిడ ఒళ్ళో పడింది. దేవుడి దయ, గాజు ఒక్కటీ పగల్లేదు. కానీ ఆవిడ లేచి నన్ను తిట్టిన తిట్లకి బస్సు దిగిన జనం మళ్ళీ బస్సెక్కడం మర్చిపోయి నిలబడ్డారు. నాయుడుగారు దిగి, చేతులు జోడించి, తప్పైపోయిందమ్మా అన్నారు. ఆయన బజార్లో ఒకరికి చేతులు జోడించడం నేను పుట్టేక చూళ్ళేదు. తిరిగొచ్చి కూర్చున్నారు. ఆయన గొంతెత్తే మనిషి కాదు. అరిచే మనిషైతే బతికిపోదును.

ఇంటి దగ్గర దిగుతూ అన్నారు. "అప్పలసామీ, వచ్చే బుధవారం పిల్లనీ మనవణ్ణీ వడ్డాది దింపాలి. పదకొండుకి వర్జ్యం వస్తంది. ఆ రోజు నాకు దారి కనిపించాలి. కనిపించకపోతే అనకాపల్లి నించి డ్రైవర్ని పిలిపిస్తాను. నువ్వు బండి తోలుకుందువుగాని."

ఆయన కూతుర్ని మేం చిన్నమ్మగారంటాం. తొలి కాన్పుకి పుట్టింటికొచ్చింది. మగపిల్లాడు. అయిదో నెల వచ్చింది, అత్తవారింటికి పంపాలి. వడ్డాదిలో ఆవిడ అత్తగారు పంచాంగం పక్కనెట్టుకుని పడుకునే మనిషట. వర్జ్యం రాకుండా పిల్లాడితో గడప దాటాలి, లేకపోతే రావొద్దని ముందే కబురు పెట్టింది. చోడవరం నించి వడ్డాది ఎంత దూరం, కారులో అరగంట లేదు. కనిపిస్తే.

ఆ రాత్రి కళ్ళు మూసుకుంటే మావయ్య ఇంట్లో ఆ కుర్చీ కనబడతంది, దాన్ని ఎవరో లోపలికి తీసుకెళ్ళిపోతన్నారు. మర్నాడు అనకాపల్లి వెళ్ళి నాకు డ్రైవింగు నేర్పిన గురువుగార్ని అడిగేను. ఆయన పళ్ళ మధ్య పుల్ల తియ్యకుండానే పొగాకు రుద్దరా అన్నాడు. వాన నీరు అద్దం మీద నిలవకుండా జారిపోవాలంటే లారీవాళ్ళు పొగాకు రుద్దుతారు, నిజమే. కానీ అది బయట రుద్దాలి. ఆయన బయట అని చెప్పలేదు, నేను అడగలేదు. నా రోగం లోపల కదా, లోపలే రుద్దేను. మా అమ్మ చుట్టలు నాలుగు విప్పి, ఆకు నీళ్ళలో నానబెట్టి, అద్దం మూల మూలా బాగా పట్టించేను.

మర్నాడు పొద్దున్న నాయుడుగార్ని మిల్లుకి తీసుకెళ్ళేను. వాన. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. కారు కొంచెం వేడెక్కేసరికి లోపల ఘాటు మొదలైంది. ముందు ఆయన తుమ్మేరు. తర్వాత నేను. తర్వాత ఇద్దరం కలిసి. అద్దం ఎప్పట్లాగే తెల్లగానే ఉంది, దాని మీద ఇప్పుడు గోధుమ రంగు చారలు. మిల్లు దగ్గర ఆయన దిగేటప్పటికి ముక్కూ కళ్ళూ ఎర్రగా కారిపోతన్నాయి. గుమస్తాలు ఎవరైనా పోయేరేమో అనుకుని లేచి నిలబడ్డారు. అందులో ఒకడు కండువాతో కళ్ళొత్తుకున్నాడు కూడాను.

ఇక లాభం లేదనుకుని సాయంత్రం మావయ్య దగ్గరికెళ్ళేను. కుర్చీ వేసేడు. ఆ కుర్చీలో కూర్చుంటే నాకు దుఃఖం వచ్చేసింది. ఏటల్లుడూ అంటే అంతా చెప్పేను. ఆయన చుట్ట ఆర్పి, కారు చూడాలన్నాడు. వచ్చేడు. టాపు మీద చెయ్యేసి తట్టేడు, వంగి చూసేడు, వెనక్కెళ్ళి చూసేడు. ముప్పై ఏళ్ళు డాబాలు వేసిన మనిషి. ఆయన కంటికి అది కారు కాదు, కారుతున్న డాబా.

"డాబా కారితే ఏం చేస్తాం అల్లుడూ?" అన్నాడు.

మనకి తెలియందేటి. సున్నం, ఇసక, కరక్కాయ నీళ్ళు, బెల్లం. నలిపి నలిపి గచ్చు కడితే నీటిచుక్క దిగదు. నాయుడుగారి మేడ మీద గచ్చు మావయ్య చేతిదే, ఇంతవరకూ చెమ్మ ఎరగదు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టుకోవడానికి వేరే కారణాలున్నాయి లెండి.

సున్నం ఆయన తెచ్చేడు. కరక్కాయలు పైడమ్మ దంచింది. నలపడం నా పని. ఇసక ఎక్కువైతే గరుకొస్తాదని తగ్గించేం. బెల్లం ఒక పాలు వెయ్యమని చెప్పి మావయ్య భోజనానికి వెళ్ళేడు. ఇప్పుడు మీరే చెప్పండి, చుట్టూ చెరుకు పండే చోడవరంలో పుట్టినోడికి బెల్లం దగ్గర చెయ్యి ఆగుతాదేటి. ఒక పాలు బెల్లానికే డాబా అంత గట్టిగా ఉంటే, మూడు పాళ్ళు వేస్తే ఇంకెంత గట్టిగా ఉంటాది అని లెక్కేసేను. మంచి పాకం బెల్లం, కొత్తగా వచ్చిన దిమ్మ. మూడు పాళ్ళు వేసి నలిపేను. మావయ్య తిరిగొచ్చి వేలితో చూసి, గమ్మత్తుగా ఉందల్లుడూ, జిగురు బాగా వచ్చింది అన్నాడు. నేను నోరు విప్పలేదు. మెప్పు పోతాదని భయం.

ఇద్దరం కూర్చుని పూసేం. ఎదర అద్దం చుట్టూ, బయటా లోపలా. వెనక అద్దం చుట్టూ. పనిలో పనిగా ఎదర తలుపులకి మూల మూలన చిన్న అద్దాలుంటాయి చూడండి, గాలి కోసం తోసి తెరిచేవి, వాటి సందులు కూడా మూసేసేం. ఎక్కడ కంత కనబడితే అక్కడ గచ్చు. మావయ్య తాపీతో నున్నగా దిద్ది, మూలల్లో చిన్న పువ్వులు కూడా తీర్చేడు. మేడ పిట్టగోడకి తీరుస్తాడు కదా, అలాంటివే. రెండు రోజులు వాన తెరిపిచ్చింది, ఆరింది. బిందెడు నీళ్ళు టాపు మీద పోసేం. లోపల పైడమ్మ కూర్చుంది. ఒక్క చుక్క పడలేదంది. ఇంకో బిందె పోసేం. పడలేదు. మావయ్య నా భుజం మీద చెయ్యేసేడు. ఆ రాత్రి నేను సుఖంగా నిద్రపోయేను. అదే ఆఖరు.

పొద్దున్న చూస్తే కారు మీద నల్లటి గీత కదుల్తంది. చీమలు. నల్లవి, ఎర్రవి, రెక్కలవి, ఈ తాలూకాలో ఉన్న చీమలన్నిటికీ కబురెళ్ళినట్టుంది. పసుపు తెచ్చి కారు చుట్టూ గీత గీసేను. దారిన పోయే ఒక ముసలాయన పూజ చేసిన కారనుకుని దణ్ణం పెట్టుకుని వెళ్ళేడు. బయట చీమలు ఆగేయి, నిజమే. అప్పటికే లోపలికెళ్ళిపోయినవి లోపలే ఉండిపోయేయి. సీటు కింద కాపురం పెట్టేయి. అది నాకు తర్వాత తెలిసింది. నాకు కాదు లెండి, నాయుడుగారికి తెలిసింది.

మంగళవారం మధ్యాహ్నం పరీక్ష పెట్టుకున్నాను. అమ్మనీ పైడమ్మనీ ఎక్కించి, తలుపులేసి, ఇద్దర్నీ గట్టిగా ఊపిరి వదలమన్నాను. వదిలేరు. చూస్తండగానే అద్దం తెల్లబడిపోయింది, ఇదివరకటికంటే తొందరగా. నీళ్ళు పైనించి రావటం లేదు కదా, మరి ఇదెక్కడి చెమట అని నాకు మతి పోయింది. కింద నానిన పట్టా అలాగే ఉంది. దాని మీద గోనె అలాగే ఉంది. పోయే కంతలన్నీ నా చేత్తో నేనే మూసేసి, నీరంతా లోపల భద్రంగా దాచిపెట్టేను. కానీ అది అప్పుడు తట్టలేదు. అద్దానికి జలుబు చేసిందనుకున్నాను. జలుబు చేస్తే ఏం చేస్తాం, వెచ్చబెడతాం.

బుధవారం తెల్లారగానే నాయుడుగారింటి పెరట్లోకెళ్ళేను. బాలింతనీ పిల్లాణ్ణీ చూసే గవరమ్మ ఉంది కదా, ఆవిడ దగ్గర కుంపటి ఉంటాది. పిల్లాడికి స్నానం అయ్యేక సాంబ్రాణి పొగ వేస్తాది. ఒక గంట ఇయ్యి తల్లీ అన్నాను. ఎందుకూ అంది. కారుకి అన్నాను. ఆవిడ నన్ను పైనించి కిందకి చూసి, ఇంత సాంబ్రాణి కూడా వేసి మరీ ఇచ్చింది. కారు మధ్యన ఇటిక పెట్టి, దాని మీద కుంపటి పెట్టి, తలుపులు బిగించేను. బయట నిలబడి చూస్తన్నాను. లోపల పొగ, ఆవిరి, ఏదీ కనబడటం లేదు. పని జరుగుతంది అనుకున్నాను.

గంటయ్యేక తలుపు తెరిచేను. మొహం మీదికి ఆవిరి కొట్టింది, సాంబ్రాణి వాసనతో. తడి పట్టా ఉడికిపోయింది. పైన టాపు గుడ్డ నించి నీళ్ళు కారతన్నాయి. అద్దాల మీద నీళ్ళు కారతన్నాయి. ఇంక ఆ గచ్చు. బయట వైపు గట్టిగానే ఉంది, లోపల వైపు మూడు పాళ్ళ బెల్లం కరిగి, ఎదర అద్దం మీద పై నించి కిందదాకా పాకం జారింది. మావయ్య తీర్చిన పువ్వులు ఒక్కొక్కటీ కిందకి నడుచుకుంటా వస్తన్నాయి. గుడ్డ తీసి తుడిచేను. అద్దమంతా పరుచుకుంది. వేణ్ణీళ్ళు పోసి కడిగేను. కడిగిన నీళ్ళు ఎక్కడికెళ్ళేయి? పట్టాలోకే. నాకు ఏడుపొచ్చింది బాబూ, నిజంగా, స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. తల అంటుకుంది.

ఇంతలో ప్రయాణం టైమైపోయింది. నాయుడుగారు పట్టు పంచె, జరీ కండువాతో వచ్చి ఎదర కూర్చున్నారు. వెనక అమ్మగారు, చిన్నమ్మగారు, ఒళ్ళో పిల్లాడు. చిన్నమ్మగారికి చెవుల్లో దూది, తలకి గుడ్డ. అమ్మగారు ఎక్కుతూనే చెప్పేరు, అద్దం ఒక్కటి కూడా దించకూడదు, బాలింతకి గాలి తగల్రాదని. నాయుడుగారు గాలి పీల్చి, ఏటిరా ఈ వాసన అన్నారు. సాంబ్రాణండి, శుభానికి అన్నాను. ఆయన తల ఊపేరు. ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. నా మీద ఆయనకి అదే ఆఖరి నమ్మకం.

ఊరు దాటేం. వాన మొదలైంది. అయిదు ఊపిర్లు, నానిన పట్టా, ఉడికిన టాపు. అద్దం పూర్తిగా పోయింది. తుడిస్తే పాకం, తుడవకపోతే ఆవిరి. నా పక్క అద్దం కొంచెం దించి తల బయటికి పెట్టేను. వెనకనించి అమ్మగారు ఒక్క కేక వేసేరు. ఎత్తేసేను. ఇంక ఎదర ఒక నల్లటి మచ్చ కదులుతున్నట్టు తెలుస్తంది. గుడ్డతో ఒక వేలెడంత మేర రుద్ది చూస్తే, అది బస్తాల బండి వెనక భాగం. ఈ రోడ్డు మీద బస్తాల బండి ఎక్కడికెళ్తాది, వడ్డాదికే కదా అనుకున్నాను. మూడేళ్ళ కిందటి వరకూ నేనూ వెళ్ళిన దారే. దాని వెనకే పట్టుకుంటే చాలు, రోడ్డు అదే చూపిస్తాది. అది ఆగితే నేను ఆగేను, అది కదిలితే నేను కదిలేను. అది తిరిగితే నేను తిరిగేను.

తిరిగేక ఊపు ఎక్కువైంది. రోడ్డు బాగోలేదేటని నాయుడుగారు అడిగేరు. వానలకి పాడైందండి అన్నాను. ఇంకొంచెం ఎళ్ళేక కారు ముందుకి దిగబడి ఆగిపోయింది. ఇంజను అరుస్తంది గాని కారు కదల్దు. నా వైపు తలుపు తీసి చూస్తే, ఎదురుగా ఒక గేదె. అది నెమరేస్తా నన్నే చూస్తంది. చుట్టూ పెంట, గడ్డి, ఇంకో రెండు ఎద్దులు. బండివాడు దిగి, ఎవరండీ మీరు, మా పశువులశాలలోకి వచ్చేరేటి అని అడుగుతున్నాడు. ఆయన వడ్డాదికి ఎల్లడం లేదు. ఆయన ఇంటికి ఎల్తన్నాడు. బుచ్చయ్యపేట వైపు తిరిగిపోయేం.

నేను నోరు తెరిచేలోగా నాయుడుగారు దిగేరు. ఆయన దిగిన తీరు చూసి ముందు కోపం అనుకున్నాను. కాదు, చీమలు. కుంపటి వేడికి సీటు కింద కాపురం మొత్తం బయటికొచ్చి ఆయన పట్టు పంచెలోకి వెళ్ళింది. ఆయన పెంటలో ఒంటికాలి మీద నిలబడి, జరీ కండువాతో కొట్టుకుంటా పంచె దులుపుకున్నారు. అలాంటప్పుడు ఒక తిట్టైనా తిట్టచ్చు కదా మనిషి. తిట్టలేదు. పిల్లాడు మాత్రం కిలకిలా నవ్వేడు.

బండివాడి తల్లి, పెద్ద ముసలమ్మ, గోనెసంచి నెత్తి మీద కప్పుకుని వచ్చింది. కారు చుట్టూ తిరిగింది. తలుపులోంచి తల పెట్టి, కింద గోనె ఎత్తి, పట్టా మీద కాలేసి తొక్కింది. పిచికారీ కొట్టినట్టు నీళ్ళొచ్చేయి.

"ఇదేటి బావూ, వరి మడిసెక్కని కిందెట్టుకుని మీద మనుసుల్ని కూకోబెట్టేవు?" అంది. "కిందన తడి, లోన ఊపిరి. గంజి వార్సినప్పుడు కిటికీ తియ్యవా? ఈ పట్టా అవతల పారెయ్యి, ఆ మూల అద్దం రవ్వంత తెరువు. పిల్లతల్లికి గాలి తగల్దు, నీ అద్దానికి తగుల్తాది."

ఆవిడ జీవితంలో కారెక్కలేదట. నేను మూడేళ్ళు తోలేను. మూల అద్దం తెరవడానికి చెయ్యేసేను. తెరుచుకోలేదు. ఎందుకు తెరుచుకుంటాది, అక్కడ బయట వైపు గచ్చు రాయిలా ఉంది. మావయ్య పనితనం. అదొక్కటే ఆ కారులో సరిగ్గా చేసిన పని.

నాయుడుగారు గడియారం చూసుకున్నారు. కారు బురదలో ముందు చక్రాల దాకా దిగబడిపోయింది, పది మంది పట్టినా ఇప్పట్లో లేవదు. వెనక చిన్నమ్మగారు ఏడుపు మొహం పెట్టేరు. అత్తగారి మాట వచ్చే ఏడు పండగ దాకా పడాలి కదా ఆ పిల్ల. నాకు అప్పుడు నా ఉద్యోగం, కుర్చీ ఏవీ గుర్తు రాలేదు. ఆ పిల్ల మొహమే కనిపించింది. పశువులశాల పక్కన చూరు కింద ఒక గూడు బండి ఉంది. తాటాకు గూడు, లోపల పొడి గడ్డి. బండాయన్ని అడిగేను. తీసుకెళ్ళమన్నాడు. నా చేతులకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎద్దుల్ని కట్టేను, గడ్డి మీద దుప్పటి పరిచేను, వెనక గోనె పరదా దించేను. అమ్మగారు, చిన్నమ్మగారు, పిల్లాడు లోపల. నాయుడుగారు ఎదర నా పక్కన, గొడుగుతో.

పొలాల మధ్య నించి అడ్డదారి ఉంది. కారు పట్టదు, బండి పడతాది. మా నాన్నతో వెళ్ళిన దారి, ఏ గుంట ఎక్కడుందో తెలుసు. ఎద్దులు మంచివి, నాలుక కొడితే చాలు తెలుసుకుంటన్నాయి. గతుకు ముందు ఆపి దించేను, గట్టు దగ్గర పక్కకి లాగేను. పిల్లాడు పడుకున్నాడు. చిన్నమ్మగారు కూడా పడుకున్నారని అమ్మగారు మెల్లగా చెప్పేరు. వడ్డాదిలో వాళ్ళ గుమ్మం ముందు ఆపేటప్పటికి వర్జ్యానికి ఇంకా టైముంది. అత్తగారు హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నారు. చిన్నమ్మగారు కుడికాలు పెట్టి లోపలికెళ్ళేరు. నేను ఎద్దుల దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. నిజం చెప్పాలంటే, బతికిపోయేననుకున్నాను. టైముకి దింపేను కదా.

నాయుడుగారు మళ్ళీ బయటికొచ్చేరు. నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసేరు. మూడేళ్ళలో ఎప్పుడూ వెయ్యలేదు.

"అప్పలసామీ, మూడేళ్ళలో నన్నింత హాయిగా తీసుకెళ్ళింది ఈ రోజేరా" అన్నారు. "నీకిదే చక్కగా వచ్చు. అనవసరంగా నిన్ను అటు పంపేను. తప్పు నాది."

తిట్టుంటే కాళ్ళ మీద పడుదును. మెచ్చుకుంటే ఎక్కడ పడాలో చెప్పండి.

మర్నాడు అనకాపల్లి నించి డ్రైవరొచ్చేడు. కారుని ఎద్దుల్తో లాగించి, పట్టా తీసి గోడ మీద ఆరేసి, మూల అద్దం దగ్గర గచ్చు ఉలితో కొట్టించి, టాపు సందులో కొత్త రబ్బరు పెట్టించేడు. అంతే. అద్దం మీద ఇంకా మిగిలిన పాకం వేలితో తీసి నాకి, బెల్లం మంచిదే, ఎక్కడిది అని అడిగేడు. ఆ తర్వాత అద్దంలోంచి దారి నిక్షేపంగా కనబడతంటే, చోడవరం బజార్లోంచి తోలుకొచ్చేడు. గాజులమ్మే ఆవిడ కూడా పక్కకి తప్పుకోలేదట, అంత నమ్మకంగా తోలేడట.

నన్ను తీసెయ్యలేదు. నాయుడుగారు ఒక కొత్త గూడు బండి చేయించేరు, ఆడవాళ్ళ ప్రయాణాలకి. అది నాకే. మొన్న మావయ్య ఇంటికెళ్తే ఆయన పాపం కుర్చీ వేసేడు, నేనే అరుగు మీద కూర్చున్నాను. కాకీ కోటు ఇచ్చెయ్యబోతే అమ్మగారు వద్దన్నారు. మంచి గుడ్డ, వానకి పనికొస్తాది, వేసుకునే బండి తోలమన్నారు. వేసుకునే తోలుతున్నాను బాబూ, ఇత్తడి బొత్తాలు పెట్టుకుని, ఎద్దుల వెనకాల. ఈ బండికి ఎదర అద్దం లేదు కాబట్టి ఎంత వానైనా ఊరంతా శుభ్రంగా కనబడతంది, మీరు ఈ హోటల్లో కూర్చుని నన్ను చూసి ఇకిలించడంతో సహా.